పెంచలకోనలో రాత్రికి గది తీసుకునే ముందు

శుక్రవారం సాయంత్రం నెల్లూరు నుంచి, కొండల మధ్య నరసింహస్వామి గుడి ఉన్న పెంచలకోనకు కారులో బయలుదేరాం. నేను, మా వారు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య. పొదలకూరు, రాపూరు మీదుగా దాదాపు 80 కిలోమీటర్లు. దారిలో ఏ ఇబ్బందీ లేదు.

గది దగ్గరే మొదలైంది. ఫోన్‌లో 1,200 అన్నారు, వేడినీళ్లు కూడా ఉన్నాయన్నారు. తీరా సామాన్లు దించాక "రేపు శనివారం కదమ్మా" అని 1,800 అడిగారు. అత్తయ్యకు ఇంకో పరుపు కావాలంటే 200. తలుపు తీస్తే ముక్కవాసన, కుళాయి తిప్పితే బుస్సుమని గాలి. మోటారు కాలిపోయిందట! తెల్లారి వేడినీళ్లు బకెట్టు 40 రూపాయల చొప్పున ఐదు బకెట్లకు మరో 200. మొత్తం 2,200 తీసుకుని రసీదు కూడా ఇవ్వలేదు. కొంతైనా తిరిగివ్వమంటే ఆ మనిషి "కొండకొచ్చి సుఖాలేందమ్మా" అన్నాడు. మా వారు గొడవకు దిగబోతే, "పోనీలే అబ్బయా, స్వామి దగ్గరకొచ్చి ఎందుకు" అని అత్తయ్యే చెయ్యి పట్టుకుని ఆపింది. రాత్రంతా నిద్ర మానుకుని పిల్లల మీద దోమలు వాలకుండా పాత పేపరుతో విసురుతూ కూర్చున్నది కూడా ఆవిడే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

పెనుశిల నరసింహస్వామి దర్శనం గంటలో అయింది.

ఆ తర్వాత ఏటి వెంట నడిచాం. దానికి పైసా ఖర్చు లేదు. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. మేం జనవరి మొదట్లో వెళ్లాం కాబట్టి ఏట్లో నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. మే నెలలో వెళ్తే ఎక్కువగా రాళ్లే కనిపిస్తాయి. కండలేరు పుట్టేది ఈ కొండల్లోనే అంటే మావాడు నమ్మలేదు. వాడు చూసింది కండలేరు డ్యామ్‌ని మరి! అది నిండేది తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీళ్లతో అని వాళ్ల నాన్న చెప్పారు. కణ్వ మహర్షి పేరు మీద కణ్వలేరు, అదే కండలేరు అయిందని అత్తయ్య చెప్పింది.

ఒకచోట మడుగు పక్కన చదునైన బండ ఉంది. అత్తయ్య చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుంది. వేలెడంత కూడా లేని చేపపిల్లలు వచ్చి పాదాలు పొడుస్తుంటే మా పాప కిలకిలా నవ్వడం, అత్తయ్య కాళ్లు కదపకుండా చూడటం. అరగంట గడిచినా ఆవిడ మోకాళ్ల మందు అడగలేదు. పొద్దున్నుంచి ముభావంగా ఉన్న మా వారు అక్కడే మళ్లీ మామూలు మనిషయ్యారు.

మేం అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. జలపాతం దాకా వెళ్లాలంటే పెద్ద బండలు ఎక్కాలి, అవి నాచుపట్టి జారతాయి. పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో ఆ సాహసం వద్దు. పైన మబ్బు పట్టినా ఏట్లోంచి బయటకొచ్చేయండి. తినేవి సంచిలోంచి బయటకు తీయొద్దు, కోతులు చేతిలోంచే లాక్కుంటాయి. మా పులిహోర అలాగే పోయింది.

ఆకలితో పొదలకూరులో ఆగి వేడివేడి పులిబొంగరాలు తిన్నాం, ప్లేటు 30 రూపాయలు. కారప్పచ్చడి రెండోసారి అడక్కుండానే వేసింది ఆ తల్లి. అత్తయ్య చెయ్యి కడుక్కుంటూ, "ఈసారి కోడి కూసే వేళకే ఇంట్లో బయలుదేరదాం అబ్బయా, ఆ బండ దగ్గరికే పోదాం" అంది.