మీటర్ చూడక్కర్లేని రికార్డర్: కృష్ణ ఒడ్డున వాడి చూశాక

ఎంత చిన్న, ఎంత పెద్ద సౌండైనా లెవెల్ సర్దే పని లేకుండా రాసుకునే ఈ 32-బిట్ ఫ్లోట్ రికార్డర్ చేతికొచ్చాకే నేను కచేరీల్లో పాట వినడం మొదలుపెట్టాను. అంతకుముందు చూసిందంతా సౌండ్ లెవెల్ చూపించే మీటరే. పాత రికార్డర్‌తో సౌండ్ చెక్‌లోనే గెయిన్ (మైకు సౌండ్‌ని ఎంత పెంచాలన్నది) పెట్టుకోవాలి, పీకులు, అంటే అన్నిటికంటే పెద్ద దెబ్బలు, మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోవాలి. సున్నా దాటితే సౌండ్ పగిలిపోతుంది. తీరా పాట మొదలయ్యాక డ్రమ్మర్ సౌండ్ చెక్‌లో దాచుకున్న బలమంతా బయటికి తీస్తాడు. ఎర్ర లైటు వెలుగుతుంది, చెయ్యి డయల్ మీదికి పోతుంది, ఆ తగ్గించిన చోటు రికార్డింగ్‌లో ఎప్పటికీ తెలిసిపోతుంది. దీనికి అసలు ఆ డయలే లేదు. స్టాండుకి బిగించి, బటన్ నొక్కి, కుర్చీ వెతుక్కోవడమే.

మిగతా వివరాలు పెట్టె మీదే ఉన్నాయి, వదిలేస్తున్నా. నేను దీన్ని వాడేది ప్రధానంగా ఒక్క పనికే. మన విజయవాడ, గుంటూరు కుర్రాళ్ళు భవానీపురం వైపు నది ఒడ్డున ఏటా పెట్టుకునే చిన్న సంగీత పండగ అది. ఆర్కెస్ట్రా కాదు, సొంత పాటలు రాసుకుని వాయించే బ్యాండ్లు. సౌండ్ సిస్టమ్‌కే డబ్బులు బొటాబొటిగా సరిపోతాయి, రికార్డింగ్‌కి మిగిలేది ఏమీ ఉండదు. అందుకని ఆ పని నా నెత్తిన పడింది. నేనేం కాదనలేదు కూడా.

పోయిన ఏడాది గుంటూరు బ్యాండ్ ఒకటి ఎక్కింది. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని, గాయని దాదాపు గొణుగుతున్నట్టు మొదలుపెట్టింది. ముందు వరసలో జనం మాటలు ఆపితే తప్ప వినపడనంత మెల్లగా. స్టేజి వెనక డప్పుల వాళ్ళు పాత పేపర్లు మంటేసి డప్పులు కాచుకుంటున్నారు. స్టేజి మీదికి వస్తారనే అనుకున్నా. వాళ్ళు జనం మధ్యలోంచి, అదీ నా స్టాండు పక్కనుంచి వచ్చారు! మైకులకి మూరెడు దూరంలో నిలబడి సిర్ర (డప్పు కొట్టే లావు పుల్ల) దెబ్బ వేశారు. పాత రికార్డరే ఉంటే ఆ రాత్రికి అక్కడితో సరి.

పది కొట్టేసరికి మైకులు ఆపాలి, నిబంధన. అందరం టిఫిన్ బండి దగ్గర చేరాం. ఆ బ్యాండ్ డ్రమ్మర్ ఆగలేకపోయాడు. "అన్నా, ఒక్కసారి కార్డియ్యి" అని తీసుకుని, కార్డ్ రీడర్ పెట్టి తన ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు. ఇంటికి చేరి స్నానం చేసి వచ్చేలోపు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏడుపు మొదలైంది. "అన్నా, డప్పులు మొదలైన దగ్గర్నుంచి అంతా పగిలిపోయింది." ఆ వెంటనే గాయని వాయిస్ మెసేజ్: "ఏం కాదులే అన్నా, వచ్చే ఏడాది చూద్దాం." ఇంకొకడెవడో నేను ఏ రికార్డర్ కొనుండాల్సిందో లింకులు కూడా పెట్టాడు.

కంప్యూటర్లో ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. గాయని పాట సన్న గీత. డప్పుల దగ్గర్నుంచి పైనుంచి కింద దాకా నిండిపోయిన ముద్ద, ఒక్క సందు లేదు. ఆ ముక్క మొత్తం పట్టుకుని 18 డెసిబెల్స్ తగ్గించాను. ముద్ద కుంచించుకుని, లోపల దెబ్బ దెబ్బకీ దేని ఆకారం దానికి విడివిడిగా బయటపడింది. సిర్ర దెబ్బ వేరు, సిటికెన పుల్ల చిటచిట వేరు. రెండు దెబ్బల నడుమ ఎవరో "కొట్రా!" అని అరవడం కూడా ఉంది. ఏదీ పగల్లేదు. ఫోన్ ప్లేయర్ సున్నా పైకి వెళ్ళింది వెళ్ళినట్టు నరికి వినిపించింది, అంతే. తగ్గించిన ముక్కని పొద్దున్నే గ్రూపులో పెట్టాను. లింకులు పెట్టినవాడు ఇంతవరకూ మాట్లాడలేదు.

దీని కిటుకు పెద్దదేం కాదు. లోపల సౌండ్‌ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండు ఉంటాయి, ఒకటి చిన్న శబ్దానికి, ఒకటి పెద్ద శబ్దానికి. రెండూ కలిపి రాసుకుంటుంది, సున్నా దాటినా విలువ పోదు. కానీ ఆ రాత్రి తర్వాత దీన్ని చూసే చూపు కాస్త మారింది. కార్డులో ఉండేది పాట కాదు, పచ్చి సరుకు. ఎవరికీ నేరుగా ఇవ్వకూడదు. నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫ్లాక్ (FLAC) ఫైలు ఫ్లోట్‌ని మోయలేదు కాబట్టి ముందు సౌండ్ తగ్గించి, తర్వాతే 24-బిట్‌కి మార్చాలి. వరస తప్పితే ఈసారి నిజంగానే పగులుతుంది, మళ్ళీ అతకదు. సైజు సంగతి కూడా ఉంది. 48 కిలోహెర్ట్జ్‌లో మూడు గంటల స్టీరియోకి నాలుగు జీబీ దాటుతుంది. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గానే పంపుతా.

"ఏం పెట్టినా తట్టుకుంటుంది" అని మొదట్లో నేనే ఊదరగొట్టాను. తట్టుకునేది కన్వర్టరు, మైకు కాదు. నా దాని మైకుల హద్దు 120 డెసిబెల్స్. బేస్ మోగించే సబ్ బాక్సు ముందు పెడితే మైకు పొరే చేతులెత్తేస్తుంది, ఆ గరగరని ఏ ఫ్లోటూ విప్పలేదు. ఇంక గాలి. సాయంత్రం నది మీదనుంచి వీచే గాలికి దీంతో ఇచ్చే స్పాంజి తొడుగు దండగ. బొచ్చు తొడుగు వేశాకే పాట పాటలా వచ్చింది.

మిక్సర్ నుంచి కూడా ఒక లైన్ తీసుకుంటున్నా. అది ఒక్కటే వాడితే పాట ఎండిపోయినట్టుంటుంది. చిన్న స్టేజిలో డ్రమ్స్ వాటంతటవే మోగుతాయి కాబట్టి మిక్సర్లో ఉండేది గొంతూ, కీబోర్డూ. రెండూ కలిపితే బాగుంటుంది గానీ, నా స్టాండు బాక్సులకి ఇరవై మీటర్ల దూరంలో ఉంటే మైకు సౌండ్ దాదాపు 60 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. దాన్ని ముందుకి జరపాలి. మొదట్లో గాయనితో మైకు ముందు ఒకసారి చప్పట్లు కొట్టిస్తే, రెండింట్లోనూ ఆ చప్పుడు ఒకే చోటికి వచ్చేలా జరపడం నిమిషంలో అయిపోతుంది.

షేర్ చేసేముందు ప్రతి బ్యాండ్‌నీ అడుగుతాను. అడిగితే వద్దనేవాళ్ళు తక్కువ, "ఆ మూడో పాట తీసెయ్ అన్నా" అనేవాళ్ళే ఎక్కువ. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో 2002 నుంచి నడుస్తున్న లైవ్ మ్యూజిక్ విభాగం కూడా బ్యాండ్ ఒప్పుకుంటేనే తీసుకుంటుంది. యూట్యూబ్‌లో గొడవ వేరే. ఎంత సొంత పాటల బ్యాండైనా చివర్లో ఒక సినిమా పాట వెయ్యకుండా దిగదు, ఆ ఒక్క పాటకి కాపీరైట్ క్లెయిమ్ వచ్చి కూర్చుంటుంది. ఆ పాటని కోసి విడిగా ఉంచుకుంటున్నా.

కొనమంటారా అంటే, నాకు కుదిరింది. ఇంట్లో కంప్యూటర్ ఉంది, పండగ మర్నాడు సెలవు పెట్టుకుంటాను, కూర్చుని సౌండ్ సర్దడం నాకు విసుగు కాదు. మీరు ఫోన్‌తోనే అన్నీ కానిస్తూ, రాత్రికి రాత్రి బ్యాండ్‌కి ఫైలు ఇవ్వాల్సినవాళ్ళైతే, ఒకేసారి తక్కువ లెవెల్లో రెండో ఫైలు కూడా దాచే మామూలు 24-బిట్ రికార్డర్ చూడండి, అదే మేలు కావచ్చు. ఏది కొన్నా బొచ్చు తొడుగు డబ్బులు విడిగా లెక్కేసుకోండి.