పార్క్‌హిల్ రోడ్డు, 60వ నంబరు: మోండ్రియాన్ ఇంటి మీది నీలి ఫలకం

లండన్‌లో బెల్సైజ్ పార్క్ స్టేషన్‌లో మెట్రో దిగి కొంత దూరం నడిస్తే పార్క్‌హిల్ రోడ్డు వస్తుంది. ఆ రోడ్డులో 60వ నంబరు ఇంటి గోడకు, ఒకప్పుడు అక్కడ ఉన్న డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ గుర్తుగా పెట్టిన గుండ్రటి నీలి ఫలకాన్ని చూడటానికే నేను పని కట్టుకుని వెళ్లాను. టికెట్టు లేదు, సందర్శన వేళలు లేవు. అది జనం కాపురముంటున్న ఇల్లు కనుక లోపలికి వెళ్లే వీలూ లేదు. చూడవలసినదంతా కాలిబాట మీద నిలబడే చూడాలి.

ముందుగా పనితనం గురించి చెప్పాలి. ప్రముఖులు ఉన్న ఇళ్లకు గుర్తుగా పెట్టే లండన్ నీలి ఫలకాలు దాదాపు 19 అంగుళాల వెడల్పున్న పింగాణీ బిళ్లలు. మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉండటం వల్ల, వాన పడినప్పుడల్లా వాటి మీది దుమ్ము దానంతట అదే కడుక్కుపోతుంది. 1975లో అప్పటి నగర పాలక సంస్థ గ్రేటర్ లండన్ కౌన్సిల్ పెట్టిన ఈ ఫలకం దాదాపు అర్ధశతాబ్దం ఎండావానలకు తట్టుకుని నిలిచింది. నేను వెళ్లేసరికి అప్పుడే జల్లు వెలిసింది. తెల్లని అక్షరాల అంచుల వెంట నీటి బొట్లు నిలిచి ఉన్నా, రోడ్డు మీద నుంచి ప్రతి అక్షరమూ చదవగలిగాను. వస్తువుగా దీనికి వంక పెట్టలేను.

నాకు కొరత అనిపించింది రాతలోనే. ‘పీట్ మోండ్రియాన్, 1872–1944, చిత్రకారుడు, ఇక్కడ నివసించాడు’ అన్నంత వరకే ఉంది. ఆయన నెదర్లాండ్స్ దేశస్థుడన్న మాట లేదు, ఎప్పుడు ఉన్నాడో లేదు, ఇక్కడ బొమ్మలు వేశాడన్న మాట అసలే లేదు. ముందుగా ఏమీ తెలియకుండా వచ్చినవారు, ఎవరో లండన్ చిత్రకారుడు జీవితమంతా ఈ ఇంట్లోనే గడిపాడనుకుని వెళ్లిపోతారు.

అసలు సంగతి అందుకు పూర్తిగా వేరు. యూరప్ మీద యుద్ధ భయం కమ్ముకున్న 1938 సెప్టెంబరులో, అరవై ఆరేళ్ల వయసులో, మోండ్రియాన్ పారిస్ వదిలి లండన్ చేరాడు. చిత్రకారుడు బెన్ నికల్సన్, శిల్పి బార్బరా హెప్‌వర్త్ వంటి మిత్రులు అప్పుడు ఈ ఇంటి వెనకే ఉన్న మాల్ స్టూడియోస్‌లో ఉండేవారు. ఈ ఇంట్లో ఆయనకు దొరికినది ఒక గది. పడక, పని రెండూ అందులోనే. వచ్చీ రాగానే గోడలకు తెల్ల రంగు వేసి, పారిస్ స్టూడియోలో చేసినట్టే, తన బొమ్మల్లో కనిపించేలాంటి రంగు దీర్ఘచతురస్రాలను గోడ మీద అమర్చుకున్నాడు. అంటే ఆయనకు గది అన్నది బొమ్మలు వేసుకునే చోటు మాత్రమే కాదు, గది కూడా ఆయన వేసిన బొమ్మే. అలాంటి మనిషి ఇంటి మీద ‘నివసించాడు’ అని మాత్రమే రాయడం నాకు నిజంగా బాధ కలిగించింది. 1939లో యుద్ధం ముంచుకొస్తుండగా నికల్సన్, హెప్‌వర్త్ పిల్లలతో ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌కు తరలిపోయినా, ఆయన ఈ గదిలోనే ఉండిపోయాడు. 1940 సెప్టెంబరులో ఇంటికి దగ్గరలో బాంబు పడ్డాక గాని లండన్ వదలలేదు. న్యూయార్క్‌కు ఓడ ఎక్కినవాడు మళ్లీ తిరిగి రాలేదు. 1944లో అక్కడే కన్నుమూశాడు.

ఇన్ని సంగతులు ఫలకం మీద పట్టవని నాకూ తెలుసు. కాని రెండు మూడు మాటలకు చోటు ఉండేది. ఇదే రోడ్డులో 11ఏ నంబరు ఇంటి మీద శిల్పి హెన్రీ మూర్ ఫలకం ఉంది. ఆయన 1929 నుంచి 1940 వరకు అక్కడ నివసించి పనిచేశాడని అందులో స్పష్టంగా రాశారు. ఈ చుట్టుపక్కలే ఉన్న హాంప్‌స్టెడ్‌లో వేల్ ఆఫ్ హెల్త్ అనే చోట మన రవీంద్రనాథ్ ఠాగూర్ ఫలకం ఉంది. ‘భారతీయ కవి, 1912లో ఇక్కడ బస చేశారు’ అని ఒక్క వాక్యంలో దేశమూ, సంవత్సరమూ, ఆ కొద్దికాలపు మకామూ అన్నీ చెప్పేశారు. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి విషయంలో ఆ వివరాలే ప్రాణం. మోండ్రియాన్ ఈ నగరంలో గడిపింది రెండేళ్లే, అదీ యుద్ధం తరుముకొస్తున్న రెండేళ్లు. ‘డచ్’ అన్న మాట, ‘1938–1940’ అన్న అంకెలు ఉంటే చదివేవారికి ఆ ఇంటి ముందు ఇంకో నిమిషం నిలబడాలనిపించేది.

అయినా వెళ్లమనే చెబుతాను, ఎందుకంటే ఈ ఫలకమే లేకపోతే వరుసలో ఈ ఇల్లు ఏదో పోల్చుకోవడమే కష్టం. ఒంటరిగా దీని కోసమే కాకుండా, మూర్ ఇంటిని, పక్కనే లాన్ రోడ్డులో 1934లో ఆధునిక శైలిలో కట్టిన తెల్లని ఐసోకాన్ ఫ్లాట్ల భవనాన్ని కూడా కలుపుకుంటే ఒక పూట చక్కగా గడుస్తుంది. గేటు దాటి లోపలికి వెళ్లకండి, కిటికీల వైపు కెమెరా తిప్పకండి.

బ్రిటన్‌లోని టేట్ కళా సంగ్రహాలయం వారి సేకరణలో ‘పసుపు, నీలం, ఎరుపుల కూర్పు’ అనే మోండ్రియాన్ చిత్రం ఉంది. పారిస్‌లో మొదలై న్యూయార్క్‌లో పూర్తయిన ఆ చిత్రానికి వేసిన తేదీ 1937–42. పార్క్‌హిల్ రోడ్డు గదిలో గడిచిన రెండేళ్లూ ఆ అంకెల మధ్యలోనే ఉన్నాయి.