పదహారు గదులా, అయిదు కొలబద్దలా: స్వభావాన్ని తెలుసుకోవడానికి ఏది మేలు?

తమను తాము పరిచయం చేసుకుంటూ పేరు పక్కన “ఐఎన్‌ఎఫ్‌జే” అనో “ఈఎస్‌టీపీ” అనో రాసుకునేవారు ఇప్పుడు తెలుగువారిలోనూ కనిపిస్తున్నారు. ఆ నాలుగక్షరాలు మైయర్స్-బ్రిగ్స్ పద్ధతి నుంచి వచ్చినవి. స్వభావాన్ని కొలిచే పరిశోధకులు మాత్రం ఎక్కువగా బిగ్ ఫైవ్ అనే మరో పద్ధతినే ఆశ్రయిస్తున్నారు. పేరు ప్రఖ్యాతులు ఒకదానివి, శాస్త్రజ్ఞుల మొగ్గు మరొకదానిది కావడం వెనుక కారణం లేకపోలేదు.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో ప్రకటించిన సిద్ధాంతాన్ని ఆధారం చేసుకొని మొదటి పద్ధతిని రూపొందించినవారు అమెరికాకు చెందిన కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్. వారిద్దరూ మనస్తత్వశాస్త్రంలో పట్టా పొందినవారు కారు. ఉత్సాహం నలుగురిలో ఉన్నప్పుడు పుడుతుందా, ఏకాంతంలోనా. కంటికి కనిపించే వివరాన్ని నమ్ముతారా, దాని వెనుక ఉన్న అల్లికనా. నిర్ణయంలో తర్కానికి పెద్దపీట వేస్తారా, మనుషుల మనసులకా. ముందే తేల్చుకొని సాగుతారా, చివరిదాకా దారులు తెరిచి ఉంచుకుంటారా అన్న నాలుగు ప్రశ్నలకు రెండేసి జవాబుల చొప్పున, ఒక్కో జవాబుకు ఒక్కో అక్షరంతో, పదహారు రకాల మనుషులు తేలుతారు. ఈ జవాబులు చెప్పేది సామర్థ్యాన్ని కాదు, మొగ్గును. దాన్ని వివరించడానికి శిక్షకులు తరచుగా సంతకాన్ని ఉదాహరణగా చూపుతారు: అలవాటు లేని చేత్తోనూ సంతకం చేయగలం, కాని అది కష్టంగా, వంకరగా వస్తుంది.

ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములున్నారనుకుందాం. ప్రయాణానికి రెండు రోజుల ముందే పెద్దవాడు సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టుకుంటాడు. చిన్నవాడు బండి కదిలే వేళకు పరుగున వచ్చి ఎక్కుతాడు. చిన్నవాడు బాధ్యత లేనివాడు కాడనీ, అతని మొగ్గు వేరనీ, ప్రణాళిక తలకిందులైన రోజున తడబడకుండా నిలిచేది అతడేననీ మైయర్స్-బ్రిగ్స్ పద్ధతి చెబుతుంది. ఏళ్ల తరబడి దెప్పిపొడుపులు వింటున్నవాడికి ఆ మాట ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు. ఇదే ఇద్దరినీ బిగ్ ఫైవ్ ముందు నిలబెడితే, బాధ్యతగా, క్రమబద్ధంగా పనిచేసే గుణంలో చిన్నవాడికి తక్కువ మార్కులు పడవచ్చు. ఉద్యోగాల్లో పనితీరును ముందుగా అంచనా కట్టడానికి అయిదింటిలోనూ ఎక్కువగా పనికివచ్చేది ఆ గుణమేనని 1991లో బారిక్, మౌంట్ అనే పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. ఒక పద్ధతి ఓదారుస్తుంది, మరొకటి మొహమాటం లేకుండా చెబుతుంది. నా మొగ్గు రెండోదాని వైపే, అయితే మొదటిదాని ఊరట వట్టి ముఖస్తుతి అని నేననను.

మైయర్స్-బ్రిగ్స్‌లో అసలు లోపం గీత గీయడంలో ఉంది. అయిదడుగుల అయిదంగుళాల దగ్గర గీత గీసి, పైవారందరినీ పొడవు జాతి, కిందివారందరినీ పొట్టి జాతి అంటే, గీతకు అటూ ఇటూ అరంగుళం తేడాతో నిలబడ్డ ఇద్దరు వేర్వేరు జాతులవారైపోతారు. స్వభావంలోనూ ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు కాబట్టి, అదే మనిషి కొన్ని వారాల తరువాత మళ్లీ పరీక్ష రాస్తే ఒక అక్షరం మారిపోవడం అరుదేమీ కాదు.

బిగ్ ఫైవ్ పుట్టుక ఇందుకు భిన్నం. మనుషుల మధ్య ముఖ్యమైన తేడాలన్నింటికీ భాష ఎప్పుడో పేర్లు పెట్టే ఉంటుందన్నది దాని మూలసూత్రం. మనకు కలుపుగోలుతనం, ముభావం, నింపాదితనం, చాదస్తం, పెంకితనం అన్న మాటలు ఉన్నట్లే, ఇంగ్లీషు నిఘంటువు నుంచి ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే మనస్తత్వవేత్తలు 1936లో సుమారు 18,000 మాటలు ఏరారు. ఎవరికి ఏ మాటలు కలిసి వర్తిస్తాయో తరువాతివారు లెక్కలు కట్టగా అయిదు గుంపులు తేలాయి: కొత్తదనాన్ని ఆహ్వానించే గుణం, క్రమబద్ధత, బహిర్ముఖత, సౌమ్యత, ఆందోళనకు లోనయ్యే గుణం. ఒక్కొక్కటీ తక్కువ నుంచి ఎక్కువ దాకా సాగే కొలబద్ద. మైయర్స్-బ్రిగ్స్‌లోని నాలుగు జంటలు వీటిలో నాలుగింటితో చాలావరకు పొసగుతాయి. అయిదోదైన ఆందోళనకు అక్కడ చోటే లేదు. మనిషి నిద్రను, సంసారాన్ని, ఆరోగ్యాన్ని అంతగా తాకే గుణాన్ని వదిలేసిన పటం చూడముచ్చటగా ఉండడంలో వింత లేదు.

అలాగని ఈ అయిదు సార్వత్రికమని ఒప్పుకోలేము. బొలీవియాలో వేట, వ్యవసాయంతో జీవించే చిమానే ప్రజలలో ఈ అయిదు గుంపులు స్పష్టంగా కనిపించలేదని 2013లో వెలువడిన అధ్యయనం ఒకటి చూపింది. పైగా “సౌమ్యతలో నీవు వందమందిలో ఇరవయ్యోవాడివి” అన్న ఫలితంతో ఎవరూ కబుర్లు మొదలుపెట్టలేరు. నాలుగక్షరాలతో మాత్రం భోజనాల వేళంతా గడిచిపోతుంది.

కాబట్టి కొత్తగా చేరిన జట్టులో ఒకరి తీరును మరొకరు మాటల్లో పెట్టుకోవడానికి మైయర్స్-బ్రిగ్స్ చాలు. ఉద్యోగానికి మనిషిని ఎంచడానికి దాన్ని వాడరాదని దాని నిర్వాహకులే చెబుతున్నారు. చదువు, వృత్తి వంటి నిర్ణయాల ముందు తనను తాను తూచుకోదలచినవారు బిగ్ ఫైవ్‌నే ఎంచుకోవడం మంచిది. అందుకు తగిన ప్రశ్నావళులు ఉచితంగానే దొరుకుతాయి. నెల గడిచాక మళ్లీ ఒకసారి నింపి, అవే ప్రశ్నలకు మీ గురించి జవాబులు రాయమని మిమ్మల్ని బాగా ఎరిగినవారిని అడిగి, మూడింటినీ పక్కపక్కన పెట్టుకొని చూడండి.