ఫ్లోరెస్‌లో పోయిన ముప్పై లక్షలు

కంగారు పడకండి, ముప్పై లక్షలంటే ఇండోనేషియా రూపియాలు. మేం వెళ్లినప్పుడు మన రూపాయికి 190 రూపియాలు వచ్చేవి, కాబట్టి పోయింది 15,800 రూపాయలు. డబ్బు చిన్నదే. పోయిన తీరే ఇప్పటికీ మండిస్తోంది.

మా బావకి షాద్‌నగర్ వైపు ప్లాట్లు కొని అమ్మడం అలవాటు. ‘బాలిలో అయిపోయింది, ఇక స్థలాల ధరలు పెరిగేది ఫ్లోరెస్‌లోనే’ అని ఎవరో చెవిలో వేశారు. ఫ్లోరెస్ అంటే బాలికి తూర్పున ఉన్న ఇండోనేషియా దీవి. అక్కడ కొండల్లో ఓ పల్లెలో స్థలం తీసుకుని, నాలుగు గదులు వేసి, ఏడాదికి ఆర్నెల్లు అక్కడే ఉంటానని మొదలుపెట్టాడు. అక్క ఒంటరిగా పంపనంది. అలా అక్కా బావా, నేనూ మా ఆయనా బయల్దేరాం. బాలి, అక్కణ్నుంచి విమానంలో ఫ్లోరెస్‌లోని రేవు పట్టణం లబువాన్ బజో, పడవలో వెళ్లి కొమోడో డ్రాగన్లనే రాకాసి బల్లుల్ని చూడటం, అన్నీ సాఫీగా జరిగాయి. డ్రాగన్లు నిద్రపోతున్నాయి. వీసా అక్కడ దిగాక తీసుకోవచ్చు, మా దగ్గర మనిషికి 5,00,000 రూపియాలు తీసుకున్నారు. 30 రోజులు ఉండొచ్చు, ఇంకో 30 రోజులు ఒక్కసారి పొడిగించుకోవచ్చు.

లబువాన్ బజో నుంచి రుతెంగ్ ఊరికి షేర్ కారులో మనిషికి 1,50,000. నాలుగు గంటలు, అన్నీ మలుపులే. అక్క రెండుసార్లు కారు ఆపించింది. రుతెంగ్ దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది, జులైలో రాత్రిళ్లు వణుకు పుడుతుంది. మేమేమో బాలికి సరిపడా బట్టలతో వెళ్లాం.

అక్కడ దిగిన లాడ్జి గురించి కాస్త వివరంగా చెప్పాలి. గది 3,50,000. బోర్డు మీద ‘24 గంటలూ వేడినీళ్లు’ అని ఉంది. అక్కడ కరెంటుకి చాలా చోట్ల ప్రీపెయిడ్ మీటర్లు. డబ్బు కట్టి 20 అంకెల టోకెన్ నంబరు తెచ్చుకుని, మీటరు మీద నొక్కాలి. యూనిట్లు అయిపోవస్తుంటే మీటరు అరుస్తుంది. మా గది గోడకి బయటి వైపు ఉన్న మీటరు రాత్రి పదకొండింటికి మొదలుపెట్టింది. టీక్, టీక్, టీక్. ఎర్ర లైటు కిటికీ తెర మీద వెలిగి ఆరుతోంది. కింద కుర్రాణ్ని లేపితే ఓనరుకి ఫోన్ చేశాడు, ఆయన ఎత్తలేదు. మా ఆయన మీటరుకి తువ్వాలు చుట్టి చూశారు. రెండింటికి కరెంటు పోయింది. దాంతో పాటు వేడినీళ్లూ, అక్క ఫోను చార్జింగూ పోయాయి. ఒక్క లాభం, ఆ టీక్ టీక్ ఆగింది. పొద్దున ఓనరు వచ్చి క్షమాపణ చెప్తాడనుకుంటే, రాత్రి అదనంగా తీసుకున్న దుప్పట్లకు ఒక్కోదానికి 25,000 వేశాడు. బావ కట్టేశాడు. ‘స్థలం దొరికే ఊరు, గొడవెందుకు’ అన్నాడు.

పల్లె రుతెంగ్ నుంచి గంటన్నర. పేరు రాయను, ఎందుకో కింద తెలుస్తుంది. కారు డ్రైవరు బంధువుల ఇంట్లో బస, మూడు పూటలా భోజనంతో కలిపి మనిషికి రోజుకి 2,00,000. అంటే మన పదిహేనొందలు కూడా కాదు, వెయ్యీ యాభై రూపాయలే. మొత్తం ప్రయాణంలో ఇంత న్యాయమైన ధర ఇంకెక్కడా చూడలేదు. వెళ్లగానే, ఊరి డోలు ఉండే పెద్దింట్లో చాప మీద కూర్చోబెట్టి, కాఫీ, ఆరెన్ చెట్టు కల్లు ఇచ్చి, ఓ పెద్దాయన ఏదో చదివినట్టు మాట్లాడాడు. మేం వచ్చిన సంగతి వాళ్ల పూర్వీకులకు చెప్తున్నాడట. బావకి కల్లు నచ్చింది. ముంగిట్లో టార్పాలిన్ల మీద కాఫీ గింజలు, అచ్చం మన మేడల మీద వడియాల్లా ఎండుతున్నాయి. స్నానానికి తొట్టీ మగ్గూ. దీని గురించి ఇంటర్నెట్లో తెల్లవాళ్లు పేజీలకు పేజీలు వాపోయారు. మనకేం ఇబ్బంది?

భోజనం మాత్రం మొదటి రోజు చప్పగా ఉంది. ముతక ఎర్ర బియ్యం అన్నం, ఉడికించిన ఆకుకూర, గుడ్డు. రెండో పూట ఇంటావిడ రాతి పళ్లెంలో చిన్న మిరపకాయలు, ఉప్పు, టమాటా వేసి నూరుతుంటే అక్క పక్కన చతికిలబడింది. ఆవిడ చేతిలోని రాయి తీసుకుని, వెల్లుల్లి రెండు రెబ్బలు వేసి, తనే నూరింది. ఇంటావిడ వేలితో నాకి చూసి, లోపలికెళ్లి నిమ్మకాయ తెచ్చి పిండింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆ పచ్చడితో నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఆ పూట నుంచి అక్క ముఖంలో కళ వచ్చింది.

ఇంటావిడ కూతురు టీచరు, కాస్త ఇంగ్లీషు వచ్చు. భూమిని వాళ్లూ ‘బుమి’ అంటారు, సాక్షిని ‘సక్సి’, మొగుణ్ని ‘సువామి’. ఈ చివరి మాట విని మా ఆయన రెండు రోజులు గర్వంగా తిరిగారు.

ఇక స్థలం. లబువాన్ బజోలోనే ఓ బ్రోకరు తగిలాడు. మంచి ఇంగ్లీషు, మెరిసే బూట్లు. ‘సర్వేకి, కాగితాలకి’ అని ముప్పై లక్షలు ముందే తీసుకున్నాడు. మూడో రోజు పల్లెకి వచ్చి, లోయ కనిపించే వాలు ఒకటి చూపించాడు. అక్కడ ఆరె లెక్కన చెప్తారు, ఆరె అంటే వంద చదరపు మీటర్లు. ఆరె రెండున్నర కోట్ల రూపియాలన్నాడు. బావ నిలబడిన చోటే ఫోన్లో లెక్క వేశాడు. 120 గజాలు లక్షా ముప్పై వేలు, గజం పదకొండొందలు! ‘షాద్‌నగర్లో ఈ ధరకి గోడ కూడా రాదు’ అన్నాడు. నిజానికి అక్కడ నిలబడితే నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. కాగితం అడిగితే ఓనరు అని పరిచయం చేసిన మనిషి ఇంటి పన్ను రసీదులాంటిది చూపించాడు. ఈసీ, లింకు డాక్యుమెంట్ల గురించి బావ అడిగితే బ్రోకరు నవ్వాడు. ‘ఇక్కడి మనిషి పేరు మీద కొనండి, మీకూ అతనికీ మధ్య అగ్రిమెంటు రాసుకుందాం, విదేశీయులంతా ఇలాగే చేస్తారు’ అన్నాడు.

ఆ రాత్రి పెద్దాయన బావని ఏ చోటు చూశావని అడిగాడు. చెప్పగానే మౌనంగా కుడి చెయ్యి చాప మీద పెట్టి వేళ్లు చాచాడు. ఆ ప్రాంతంలో ఉండే మంగ్గరాయ్ జనం తమ ఉమ్మడి పొలాన్ని లింగ్కో అంటారు. దాని మధ్యలో ఓ కర్ర పాతుతారు. ఆ కర్ర దగ్గర ఒక్కో కుటుంబానికి ఇన్ని వేళ్ల వెడల్పని కొలిచి, అక్కణ్నుంచి అంచుదాకా గీతలు లాగుతారు. అందుకే రుతెంగ్ దగ్గరి చంచార్ గుట్ట మీంచి చూస్తే పొలాలు సాలెగూడులా కనిపిస్తాయి (మా దగ్గర 25,000 టికెట్ తీసుకున్నారు, తప్పక ఎక్కండి). పంచే పెద్దని ‘తువా తెనో’ అంటారు. మాకు చూపించిన వాలు అలాంటి లింగ్కో అంచట. ఆ ‘ఓనరు’కి దక్కింది అందులో రెండు వేళ్లు. మిగతా వేళ్లు ఎవరివో ఆయన ఒక్కొక్కటే మడుస్తూ చెప్పాడు. ‘గెండంగ్ ఓనె, లింగ్కో పెఆంగ్’ అని వాళ్ల సామెత ఒకటుంది. లోపల డోలు, బయట పొలం, రెండూ ఒకటే అని. టీచరమ్మ అనువాదం చేస్తుంటే బావ వేలికి ఎన్ని గజాలొస్తాయని అడగబోయాడు. అక్క మోకాలితో పొడిచింది.

మర్నాడు రుతెంగ్ వెళ్లి 5,00,000 ఇచ్చి ఓ నోటరీని కలిశాం. ఇండోనేషియాలో ఖర్చుపెట్టిన ప్రతి రూపియాలో ఇదే సార్థకం. అక్కడ సొంత హక్కుని ‘హక్ మిలిక్’ అంటారు (హక్ అంటే మన హక్కే). 1960 నాటి భూచట్టం ప్రకారం అది విదేశీయులకు రాదు. ఇంకొకరి పేరు మీద పరోక్షంగా కొన్నా ఆ ఒప్పందం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి అడగడానికి కూడా ఉండదు. 26వ సెక్షన్‌లో ఇదంతా రాసి ఉంది. ఆమె వేలు పెట్టి చూపించింది. కంపెనీ పెట్టి చేద్దామంటే, స్థలం, భవనం ఖర్చు కాకుండానే పెట్టుబడి వెయ్యి కోట్ల రూపియాలు దాటాలి. మన ఐదుంపావు కోట్లు. నాలుగు గదులకి! ఇంక మిగిలింది లీజు, లేదా 30 ఏళ్ల ‘హక్ పకాయ్’ అనే వాడుక హక్కు. దేనికైనా ముందు భూమికి సర్టిఫికెట్ ఉండాలి, ఊరివాళ్లు ఒప్పుకోవాలి.

బ్రోకరుకి మెసేజ్ పెట్టాం. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఈరోజుకీ రాలేదు. బావ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కాఫీ గింజలు తిరగేసే పని ఆయనే తీసుకుని, పొద్దస్తమానం టార్పాలిన్ పక్కనే కూర్చున్నాడు. ఊరి పేరు రాయకపోవడానికి కారణం ఇదే. నా రాతలు చూసి అలాంటి బూట్లవాళ్లు ఇంకో పదిమందిని ఆ ఊరికి తీసుకెళ్లడం నాకిష్టం లేదు.

ఉండటానికైతే నేను మళ్లీ వెళ్తాను. రెండు మూడు వారాలు, ఏదీ కొనకుండా. పల్లెలో ఫోన్ సిగ్నల్ టెల్కోమ్‌సెల్‌ కంపెనీకి మాత్రమే వచ్చింది, అదీ చర్చి మెట్ల మీద. నగదు రుతెంగ్‌లోనే తీసుకోండి. కుక్కల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఫ్లోరెస్‌లో 1997 నుంచీ రేబిస్ ఉంది, పల్లె నుంచి పెద్దాసుపత్రికి ఆ మలుపుల దారే గతి. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లని తీసుకెళ్లి అక్కడే కాపురం పెడతామంటే నేను వద్దనే అంటాను. జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్తే స్వెట్టరు పెట్టుకోండి. రుతెంగ్‌లో గది తీసుకునే ముందు పరుపు, బాత్రూము తర్వాత చూద్దురుగాని, ముందు బయటికెళ్లి మీటర్లో ఎన్ని యూనిట్లున్నాయో చూడండి.