పిల్లల యానిమేషన్ చదువుకి ‘ఎడిటింగ్ పీసీ’ కొంటున్నారా? నెల్లూరు వాళ్లు ఇది చదివి షాపుకి వెళ్లండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు స్కూళ్లలో మల్టీమీడియా, యానిమేషన్ తీసుకున్న పిల్లలు ఇంట్లో కంప్యూటర్ కావాలని అడుగుతుంటే, డబ్బు కట్టేముందు దయచేసి ఇది మొత్తం చదవండి. మా తమ్ముడి కోసం నెల్లూరు టౌన్‌లో ఒక షాపులో 42,000 రూపాయలు పెట్టి కొన్న ‘యానిమేషన్ స్పెషల్ పీసీ’లో గ్రాఫిక్స్ కార్డు (త్రీడీ బొమ్మల భారం మోసే భాగం) నకిలీది. ప్రాసెసర్ 2011 నాటిది. ఇచ్చిన బిల్లు మీద ఉన్న జీఎస్టీ నంబరు అసలు ఆ షాపుదే కాదు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ పెట్టను. ఎలా మోసం చేస్తారో మాత్రం పూర్తిగా చెప్తాను, ఎందుకంటే ఈ పని చేసేది ఒక్క షాపే అని నేను అనుకోవడం లేదు.

తమ్ముడు తొమ్మిదో తరగతి, సీబీఎస్ఈ. స్కిల్ సబ్జెక్టుగా మల్టీమీడియా తీసుకున్నాడు. మామూలుగా పుస్తకం పట్టమంటే పదిసార్లు చెప్పాలి, ఇది మాత్రం వాడంతట వాడే రాత్రిళ్లు కూర్చుని నేర్చుకుంటున్నాడు. బంతి ఎగిరి కింద పడితే ఎంత నొక్కుకోవాలి, ఎక్కడ వేగం తగ్గాలి, మనిషి నడుస్తుంటే భుజం ఎటు కదలాలి అని మా అందరినీ వరండాలో నడిపించి ఫోన్లో వీడియో తీసుకునేవాడు. స్కూల్లో ల్యాబ్ ఉంది కానీ వారానికి వచ్చే పీరియడ్లు తక్కువ. ప్రాజెక్టుకి వాడు ఎంచుకున్నది మన రొట్టెల పండుగ. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ఒకరు రొట్టె ఇస్తుంటే ఇంకొకరు అందుకోవడం, రెండు జతల చేతులు, కింద కదిలే నీళ్లు, అంతే. ముప్పై సెకన్ల వీడియో. వినడానికి చిన్నదే, కానీ నీళ్లు, నీళ్లలో నీడలు త్రీడీలో చేయాలంటే కంప్యూటర్ మీద చాలా భారం పడుతుంది.

అందుకే వాళ్ల మల్టీమీడియా సార్‌నే అడిగాం. ఆయన ఒక కాగితం మీద రాసిచ్చారు: 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్క్), ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ అయినా ఇప్పటికి సరిపోతుంది, ప్రాసెసర్ మరీ పాతది వద్దు, ఎనిమిదో జనరేషన్ నుంచి పైకి చూడండి అని. ఆ కాగితం ఫోటో తీసి షాపుకి వాట్సాప్‌లో పంపాను. అన్నీ ఉన్నాయి మేడమ్ అన్నారు. కొటేషన్ కూడా వాట్సాప్‌లోనే పంపారు: ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ, ఎస్ఎస్‌డీ, జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ బాక్స్ పీస్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అన్నీ ఫ్రీ’. అమ్మ చీటీ ఎత్తిన డబ్బు ఇచ్చింది. షాపులో ఆన్ చేసి చూపించారు, సెట్టింగ్స్‌లో 1050 టీఐ అనే పేరు కూడా కనబడింది.

ఇంటికొచ్చాక మొదట్లో బాగానే ఉంది. బొమ్మలు గీయడం, చిన్న చిన్న కట్స్ చేయడం వరకు ఏ ఇబ్బందీ లేదు. వాడు బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో నీళ్ల సీన్ పెట్టి రెండర్ (సీన్‌ని ఫ్రేము ఫ్రేముగా చివరి బొమ్మగా మార్చడం) కొట్టిన రోజు నుంచే మొదలైంది. ఒక్కో ఫ్రేముకి నిమిషాలకి నిమిషాలు. సెకనుకి 24 ఫ్రేములు, ముప్పై సెకన్లంటే 720 ఫ్రేములు. ఫ్రేముకి ఐదు నిమిషాలు వేసుకున్నా 60 గంటలు! మధ్యలో స్క్రీన్ మీద గీతలు వచ్చి ఆగిపోయేది, మళ్లీ మొదలుపెట్టేవాడు. తన సీన్‌లోనే ఏదో తప్పుందని పిల్లాడు నీళ్లు తీసేశాడు, నీడలు తీసేశాడు, చివరికి చేతుల వేళ్లు కూడా మామూలుగా చేసేశాడు. అది చూస్తుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. తప్పు వాడి పనిలో లేదు, మాకు అంటగట్టిన డబ్బాలో ఉంది.

షాపుకి ఫోన్ చేస్తే ‘ఏంది మేడమ్, పిల్లోడు గేమ్స్ ఆడి వైరస్ ఎక్కించుంటాడు, తీసుకురండి ఫార్మాట్ చేద్దాం’ అన్నారు. ఫార్మాట్ చేసి ఇచ్చారు, ఏమీ మారలేదు. అప్పుడు సీపీయూని ఆటోలో పెట్టుకుని మల్టీమీడియా సార్ దగ్గరికే తీసుకెళ్లాం.

సార్ మొదట కార్డు వెనక చూశారు. దానికి పాత మానిటర్ల అనలాగ్ కేబుల్ పెట్టే నీలం రంగు వీజీఏ పోర్టు ఉంది. ఎన్విడియా 10 సిరీస్ చిప్పులు అనలాగ్ సిగ్నల్ ఇవ్వవు, కాబట్టి 1050 టీఐ మీద మామూలుగా వీజీఏ ఉండదు, ఇది ఉందంటేనే అనుమానించాలి అన్నారు. తర్వాత బ్లెండర్ తెరిచి ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ దగ్గరికి వెళ్లి ‘కుడా’ (CUDA, ఎన్విడియా కార్డుతో రెండర్ చేయించే ఆప్షన్) నొక్కారు. అక్కడ కార్డు పేరు రావాలి. పనికొచ్చే కార్డు ఏదీ లేదని వచ్చింది. అంటే ఇన్నాళ్లూ రెండర్ అంతా పాత ప్రాసెసరే ఒంటరిగా మోస్తోంది. ఆ తర్వాత జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం నడిపారు. కార్డు పేరు ముందు ఫేక్ అని దానంతట అదే రాసి చూపించింది. అసలు 1050 టీఐలో 768 ‘కుడా’ కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు) ఉంటాయి, ఇందులో 192. లోపల ఉన్నది 2011లో వచ్చిన జీటీఎక్స్ 550 టీఐ చిప్పు. దాని బయాస్ (కార్డు లోపలే ఉండే చిన్న ప్రోగ్రాం) మార్చి, కంప్యూటర్‌కి వేరే పేరు చెప్పేలా చేసి అమ్మారు. 4 జీబీ అని కనిపిస్తుంది కానీ నిజంగా ఉన్న మెమరీ 1 జీబీనే, అది దాటగానే స్క్రీన్ మీద గీతలు. ఆ రకం చిప్పులకి ఎన్విడియా కొత్త డ్రైవర్లు ఇవ్వడం 2018లోనే ఆపేసింది కూడా.

ప్రాసెసర్ విషయం ఇంకా బాధ. ‘ఐ7’ అన్నారు, అబద్ధం కాదు, అది ఐ7-2600. రెండో జనరేషన్. 2011లో వచ్చింది. ఐ7 అనే మాట వినగానే మనం పెద్దది అనుకుంటాం, వాళ్లకి కావలసింది అదే. తర్వాత వచ్చే నాలుగైదు అంకెల నంబరే ముఖ్యం: 2600 అంటే రెండో జనరేషన్, 8700 అంటే ఎనిమిది, 12400 అంటే పన్నెండు. ఈ ఐ7-2600 కన్నా ఇప్పటి ఐ3 చాలా వాటిలో వేగంగా ఉంటుంది. పైగా విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా సపోర్టు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మా దాంట్లో ఏదో అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించారు. చూసేవాళ్లకి స్టార్ట్ బటన్ మధ్యలో కనబడుతుంది కాబట్టి కొత్త కంప్యూటరే అనిపిస్తుంది.

ఇక ‘సాఫ్ట్‌వేర్లు అన్నీ ఫ్రీ’ అన్నది. అవన్నీ క్రాక్ చేసినవి, అంటే డబ్బు కట్టకుండా లైసెన్సు తాళం విరిచి వాడేవి. అవి పనిచేయాలని విండోస్ సెక్యూరిటీని ఆఫ్ చేసి ఇచ్చారు. అలాంటి కంప్యూటర్‌లో పిల్లాడు తన మెయిల్, తన వీడియోల ఛానెల్ అన్నీ లాగిన్ అయ్యాడు. ఇంట్లోవాళ్లం అందులోనే కరెంటు బిల్లు కట్టాం. ఇది తెలిసిన రోజే అన్ని పాస్‌వర్డ్‌లూ వేరే ఫోన్ నుంచి మార్చాం. మీరు కూడా ఇలా కొని ఉంటే ముందు ఆ పని చేయండి, మిగతావన్నీ తర్వాత.

అసలు స్కూలు స్థాయిలో క్రాక్ సాఫ్ట్‌వేర్ అవసరమే లేదు. త్రీడీకి బ్లెండర్ పూర్తిగా ఉచితం, ఎప్పటికీ. టూడీకి ఓపెన్‌టూన్జ్ ఉంది, 2016లో ఉచితంగా వదిలారు, జపాన్‌లో స్టూడియో ఘిబ్లీ వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిందే. బొమ్మలు గీయడానికి క్రిటా (Krita), అందులోనే ఫ్రేము ఫ్రేముగా యానిమేషన్ కూడా చేయొచ్చు. ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే 4కే అల్ట్రా హెచ్‌డీ వరకు వాటర్‌మార్క్ లేకుండా వస్తుంది. అది బరువనిపిస్తే షాట్‌కట్, కేడెన్‌లైవ్. షాపువాళ్లు ‘లక్ష రూపాయల సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వేసిస్తున్నాం’ అంటే వాళ్లు మీకు ఇస్తున్నది దొంగ సొత్తు, దాంతోపాటు ఏమొస్తుందో ఎవరికీ తెలియదు.

ఇంకో మాట సార్ చెప్పింది, చాలామంది తల్లిదండ్రులకి పనికొస్తుందని రాస్తున్నా. పిల్లలు టూడీ మాత్రమే చేస్తుంటే ప్రత్యేకంగా గ్రాఫిక్స్ కార్డు కూడా అక్కర్లేదు. మంచి కండిషన్‌లో ఉన్న మామూలు కంప్యూటర్, దాంతో ఒక చిన్న పెన్ టాబ్లెట్ (పెన్నుతో గీస్తే స్క్రీన్ మీద పడే పలక) ఉంటే చేయి తిరుగుతుంది. ‘కార్డు లేకపోతే యానిమేషనే రాదు’ అని షాపులో తొందరపెడితే వినకండి. మా వాడికి నీళ్ల సీన్ కోసం కావాల్సి వచ్చింది, అందరికీ అలా కాదు. సెకండ్ హ్యాండ్ కొనడంలో కూడా తప్పేమీ లేదు, సెకండ్ హ్యాండ్ అని చెప్పి, దాని ధరకి అమ్మితే.

బిల్లు సంగతికి వస్తాను. నేను ఒక ఆక్వా ఫీడ్ డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను, కాబట్టి పక్కా బిల్లు కావాలని ముందే గట్టిగా అడిగాను. మొదట ఎస్టిమేట్ అని రాసిన తెల్ల కాగితం ఇచ్చారు. పక్కా బిల్లు అయితే 18 శాతం, ఇంకో 7,560 కట్టాలి అన్నారు. నేను ఒప్పుకోలేదు, చెప్పిన రేటు పన్నుతో కలిపే అని కొటేషన్‌లోనే ఉంది. సరే మేడమ్, పంపిస్తాం అని వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపారు. చూస్తే జీఎస్టీ నంబరు 36తో మొదలవుతోంది. 36 తెలంగాణ కోడ్. ఆంధ్రప్రదేశ్‌ది 37. నెల్లూరు షాపులో చేతికిచ్చిన సరుకుకి తెలంగాణ నంబరు ఎలా వస్తుంది? జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కూడా లేకుండా నంబరు కొట్టి ఎవరిదో చూడొచ్చు. కొట్టి చూస్తే వేరే ఎవరి పేరో, రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ అయిపోయి ఉంది. వస్తువు వివరం దగ్గర ‘కంప్యూటర్ సిస్టమ్ – 1’ అని తప్ప ఒక్క మోడల్ నంబరు లేదు. రేపు కోర్టుకి వెళ్లినా ‘మేం ఇదే కార్డు ఇచ్చాం’ అనో ‘వాళ్లే మార్చుకున్నారు’ అనో తప్పించుకోవడానికే అలా రాస్తారు.

అందుకని కొనేవాళ్లందరికీ నా మనవి. బిల్లులో ప్రాసెసర్ పూర్తి నంబరు, కార్డు కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, ఎస్ఎస్‌డీ సీరియల్ నంబరు రాయించుకోండి. రాయమంటే నసిగే షాపు నుంచి అక్కడే వెనక్కి వచ్చేయండి. డబ్బు కట్టేముందు వాళ్ల కౌంటర్ మీదే మూడు చూడండి: జీపీయూ-జెడ్‌లో కార్డు, టాస్క్ మేనేజర్‌లో పర్ఫామెన్స్ కింద ప్రాసెసర్ నంబరు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు పనిచేసిందో. కొత్తది అన్న ఎస్ఎస్‌డీలో వేల గంటలు కనబడితే అది కొత్తది కాదు. జీపీయూ-జెడ్, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రెండూ ఉచితం, పెన్‌డ్రైవ్‌లో మీరే తీసుకెళ్లండి, షాపులో ఉన్నవి వాడకండి. వీలైతే బ్లెండర్ కూడా పెట్టి పిల్లలు చేసిన సీన్‌నే ఒక ఫ్రేము రెండర్ చేయించండి. చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లి కొనేవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు, వాళ్లకీ ఇదే చెప్తాను, ఊరు మారితే చూడాల్సినవి మారవు.

సార్ పరీక్షలో తేలిన రిపోర్టు తీసుకుని షాపుకి వెళ్తే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడ మీద బోర్డు చూపించారు. ఆ బోర్డుకి విలువ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోపల వెనక్కి తీసుకోకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని రాసి ఉంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోదే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల వరకు విలువకి ఫీజు లేదు, మనం ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. వాట్సాప్ మాటలు డిలీట్ చేయకండి, యూపీఐ పేమెంట్ స్క్రీన్‌షాట్ దాచండి, కార్డుని విప్పేముందు సీల్‌తో సహా వీడియో తీయండి.

మేము 1915లో ఇచ్చాం, నంబరు వచ్చింది, షాపు నుంచి ఇంకా జవాబు లేదు. జవాబు రాకపోతే నెల్లూరు జిల్లా కమిషన్‌లో వేస్తున్నాం, కాగితాలన్నీ సిద్ధంగా పెట్టాను. తమ్ముడి ప్రాజెక్టుకి సార్ గడువు పెంచారు, సాయంత్రాలు ల్యాబ్‌లో కూర్చోనిస్తున్నారు, తీసేసిన నీళ్లన్నీ మళ్లీ పెట్టుకున్నాడు. ఈ మధ్య మీలో ఎవరైనా నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ 1050 టీఐ పేరుతో కార్డు కొని ఉంటే, వెనక వీజీఏ పోర్టు ఉందేమో ఇవాళే చూసుకోండి. 30 రోజులు దాటకముందే చూసుకుంటే అడగడం తేలిక.