రోమ్‌లో వీధుల్లో అమ్మే 'టోస్కా' టికెట్లు కొనకండి

రోమ్ వెళ్తున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. కోపం ఇంకా చల్లారలేదు, వరుస తప్పితే సర్దుకోండి.

పియాజ్జా నవోనా అనే కూడలి చుట్టుపక్కల పాతకాలపు దుస్తులు వేసుకుని కరపత్రాలు పంచేవాళ్లు మీకు తెలిసే ఉంటారు. అలాంటి ఒక స్థానిక బృందం చర్చి పక్క హాల్లో ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపెరా (పాటలతోనే సాగే నాటకం) 'టోస్కా' వేస్తోంది. 'మూడు అంకాల పూర్తి ఒపెరా, ప్రత్యక్ష వాద్యబృందం' అని బంగారు రంగు అక్షరాలు. మనిషికి 45 యూరోలు. కథ జరిగేదీ రోమ్‌లోనే, 1900 జనవరి 14న మొదటిసారి ఆడిందీ ఇక్కడి కోస్తాంజీ థియేటర్లోనే. ఈ ఊళ్లో కాకపోతే ఇంకెక్కడ చూస్తామని నేనూ మా ఆవిడా మురిసిపోయాం.

వాద్యబృందం అంటే ఒక పియానో, ఒక వయొలిన్. సరేలే అనుకున్నాం. టోస్కా పాత్రధారిణి నిజంగా బాగా పాడింది, ఆమెను ఏమీ అనను. రెండో అంకం చివర దుష్ట పోలీసు అధికారి స్కార్పియాను పొడిచి, శవానికి అటూ ఇటూ కొవ్వొత్తులు పెట్టి, గుండెల మీద సిలువ ఉంచి వెళ్లిపోయింది. ఆ తర్వాత తెర ముందుకు టోస్కా ప్రియుడు కవరదోస్సి ఒక్కడే వచ్చాడు. స్పీకర్లో రికార్డు చేసిన క్లారినెట్ గరగరమంది. మరణశిక్షకు ముందు పాడే ఆ ఒక్క పాట పాడేసి, వంగి నమస్కారం పెట్టాడు. లైట్లు వెలిగాయి. అంతే! గొర్రెల కాపరి పాట లేదు, తుపాకులు పేలలేదు, టోస్కా కోట మీది నుంచి దూకనూ లేదు. కాటిసీను ఎత్తేసిన హరిశ్చంద్ర నాటకమన్నమాట. మూడో అంకంలో మోగే రోమ్ చర్చి గంటల శ్రుతి కనుక్కొని మరీ స్వరపరిచాడు పుచ్చీని మహానుభావుడు. మాకు దక్కింది ఆట మధ్యలో పక్క వీధి చర్చిలో మోగిన గంట. అదొక్కటే అసలుది.

బయట బల్ల దగ్గరున్న నిర్వాహకురాలిని మూడో అంకం ఏమైందని అడిగాను. ఆమె తలెత్తలేదు. మిగిలిన కరపత్రాలకు రబ్బరు బ్యాండు వేస్తూ, "ఒపెరా చూడటం మీకిదే మొదటిసారా?" అంది. నా టికెట్టు తీసుకుని వెనక్కి తిప్పి, భూతద్దం పెడితే తప్ప కనిపించని ఇటాలియన్ వాక్యం మీద గోటితో తట్టింది. ఎంపిక చేసిన ఘట్టాలు మాత్రమే వేస్తారట, డబ్బు వాపసు ఉండదట. "అందరూ చప్పట్లు కొట్టారు కదా" అని నవ్వింది కూడా. 90 యూరోల కన్నా ఆ నవ్వుకే ఒళ్లు మండుతోంది. మా వెనుకున్న ఇంగ్లండు దంపతులు ఇదే అడిగితే మాత్రం లేచి నిలబడి క్షమాపణ చెప్పింది. డబ్బు వాళ్లకూ ఇవ్వలేదనుకోండి.

కథలో స్కార్పియా ఉత్తుత్తి తుపాకులని టోస్కాను నమ్మించి, చావకముందే ఇచ్చిన ఆజ్ఞతో కవరదోస్సిని నిజంగానే కాల్పిస్తాడు. వీళ్లు అసలుదని నమ్మించి ఉత్తుత్తిది చూపించారు. వాడే నయం.

చూడాలని ఉంటే నేరుగా రోమ్ ఒపెరా కౌంటర్లోనో వాళ్ల సొంత వెబ్‌సైట్లోనో కొనండి. ఆనాటి కోస్తాంజీ అదే. వేసవిలో కారకల్లా స్నానశాలల శిథిలాల్లోనూ ఆడతారు. అన్నట్టు, విరామాలు కాకుండానే పూర్తి 'టోస్కా' దాదాపు రెండు గంటలు పడుతుంది. విరామంతో కలిపి గంటన్నరలో పంపించేస్తామని ఎవరైనా అంటే, డబ్బు తీసే ముందు టికెట్టు వెనుక వైపు చదివించుకోండి.