జవాయి కొండల్లో రెండు రాత్రులు: చిరుత కోసం ఒక వారాంతం

చిరుతపులిని చూడటానికి హైదరాబాద్ నుంచి రాజస్థాన్ దాకా పోవలసిన అవసరం ఏముందని బయలుదేరే ముందు మా ఇంట్లోనే అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన నివేదిక దేశంలో సుమారు 13,874 చిరుతలు ఉన్నట్లు అంచనా వేసింది. టైగర్ రిజర్వులన్నిటిలోకీ వాటి సంఖ్య ఎక్కువగా ఉన్నది మన నాగార్జునసాగర్–శ్రీశైలంలోనేనని కూడా అదే నివేదిక చెప్పింది. అయితే అడవిలో చిరుత ఉండటం వేరు, అది మన కంటపడటం వేరు. నల్లమల దారుల్లో నేను ఎన్నిసార్లు ప్రయాణించానో లెక్కలేదు కానీ, వెదురు పొదల్లోకి దూరిపోతున్న ఒక తోకను ఒకే ఒక్కసారి చూశాను, అది చిరుతదే అని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను.

రెండు రాత్రుల వ్యవధిలో చూడగలిగిన చోటు కావాలన్నది మా నిబంధన. నేనూ, నా భార్య, మా తమ్ముడు, మరదలు, మొత్తం నలుగురం. మొదట కబిని గురించి ఆలోచించాం. మైసూరు నుంచి రెండు గంటల లోపు ప్రయాణం, కర్ణాటక ప్రభుత్వ సంస్థ నడిపే విడిది ఉంది, చెట్టు కొమ్మ మీద పడుకున్న చిరుతలకూ, అరుదుగా నల్ల చిరుతకూ ఆ అడవి ప్రసిద్ధం. కానీ అక్కడికి వెళ్లినవారి మనసు ఏనుగుల మీదికీ పులుల మీదికీ కూడా పోతుంది, చిరుత ఒక్కదాని కోసం వెళ్తే నిరాశకు ఎక్కువ అవకాశం ఉంది. బెంగళూరు శివార్లలోని బన్నేరుఘట్టలో 2024లో ప్రారంభించిన చిరుత సఫారీ కంచె వేసిన 20 హెక్టార్లలో సాగుతుంది. పిల్లలతో వెళ్లేవారికి అది మంచిదే గానీ మేము కోరుకున్నది అది కాదు. జైపూర్ నగరం నడుమ ఉన్న ఝాలానా చిరుతల అడవి మాత్రం చివరి వరకూ పోటీలో నిలిచింది. విమానాశ్రయానికి దగ్గర, అటవీ శాఖ టికెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పూటకు ఇన్ని వాహనాలే అన్న పరిమితి ఉంది. ఇతర పనుల మీద జైపూర్ వెళ్లేవారు ఒక పూట అక్కడ గడపడం తెలివైన పని. కానీ ఊరు విడిచి ఊరి గోలలోకే పోవడం మాకు నచ్చక, పాలీ జిల్లాలోని జవాయిని ఎంచుకున్నాం.

జవాయి అనేది అక్కడి నది పేరు. జోధ్‌పూర్ మహారాజు ఉమేద్ సింగ్ కాలంలో, 1946లో, దానిపై ఆనకట్ట పని మొదలై 1957లో పూర్తయింది. ఆ జలాశయం చుట్టూ బేరా, సేణా, జీవదా, పేర్వా వంటి పల్లెలు, వాటి మధ్య 80 కోట్ల ఏళ్లకు పైబడిన గ్రానైట్ కొండలు ఉంటాయి. మనం అడవి అనుకునేది అక్కడ దాదాపు లేదు. బొంత జెముడు, మన పల్లెల్లో సర్కారు తుమ్మ అని తిట్టుకునే అదే కంప, ఆవ చేలు, ఆముదం చేలు, వాటి నడుమ ఏనుగు వీపులా నున్నగా ఉన్న బండలు. ఆ బండల కింది గుహల్లో చిరుతలు కాపురముంటాయి. అవి కంటపడటానికి మొదటి కారణం ఇదే: దాక్కోవడానికి ఆకు లేదు, బయటికి వస్తే బండ మీదికే రావాలి.

రెండో కారణం రబారీలు. దేవాసీలని కూడా పిలిచే ఈ పశుపాలకులు ఎర్రని తలపాగాలతో, తెల్లని దుస్తులతో మేకలనూ గొర్రెలనూ అవే కొండల చుట్టూ మేపుతారు. చిరుత ఒక మేకను ఎత్తుకుపోతే దేవుడి వాటా పోయిందనుకుని ఊరుకోవడం వారిలో తరతరాల అలవాటు. కొండల మీద గుళ్లున్నాయి, ఉదయం హారతికి వెళ్లే పూజారి మెట్లెక్కుతుండగా పక్క బండ మీద చిరుత కూర్చుని ఉండటం అక్కడివారికి వింత కాదు. నేను దీనిని పర్యాటకుల కోసం అల్లిన కథ అనుకున్నాను. శనివారం సాయంత్రం ఒక మేకల కాపరిని మా డ్రైవరు పలకరించినప్పుడు, నెల కిందట తన రెండు మేకలు పోయిన సంగతి ఆయన చెప్పిన తీరు చూశాక ఆ అనుమానం చాలావరకు తీరింది. బాధ ఉంది, పగ లేదు. అయితే ఆ ఓర్పు మీద ఇంత వ్యాపారం నడుస్తూ ఉంటే, అందులో ఆ కాపరికి ఎంత చేరుతోందన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

ఇక ప్రయాణం సంగతి. జనవరి చివరి వారంలో శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టి ఉదయపు విమానంలో ఉదయపూర్ చేరాం. ముందే మాట్లాడుకున్న కారులో గోగుందా, పిండ్వాడా మీదుగా విడిది చేరేసరికి దారిలో టీతో కలిపి మూడున్నర గంటలు పట్టింది. రోడ్డు అంతటా బాగుంది. రైలులో వచ్చేవారికి అహ్మదాబాద్–అజ్మీర్ మార్గంలో జవాయి బాంధ్, ఫాల్నా స్టేషన్లు దగ్గర. సెలవు పెట్టలేనివారు శనివారం ఉదయం బయలుదేరితే రెండు సఫారీలే దక్కుతాయి. అంతదూరం వెళ్లి రెండింటితో సరిపెట్టుకోవడం నా దృష్టిలో అదృష్టంతో జూదమాడటమే, నాలుగుంటేనే ఖర్చుకు న్యాయం జరుగుతుంది.

బస విషయంలో అక్కడ మూడు తరగతులు కనిపిస్తాయి. పై తరగతిలో విలాసవంతమైన గుడారాలు, రాత్రికి లక్ష రూపాయల వరకూ పోగలవి. వాటిలో సఫారీలూ భోజనాలూ కలిసే ఉంటాయి, జంతువుల జాడ పట్టే సొంత ట్రాకర్లు ఉంటారు. రెండోది బేరాలో పూర్వపు ఠాకూరు కుటుంబం అతిథులకు తెరిచిన పాత కోట వంటిది. చరిత్ర మీదా ముచ్చట్ల మీదా ఆసక్తి ఉన్నవారికి అది తగినది. మూడోది పొలాల మధ్య వెలసిన మధ్యతరగతి విడుదులు. మేము దిగింది ఈ మూడో రకంలో, రెండు పూటల భోజనంతో గదికి రోజుకు 7,500 రూపాయలు. మంచి పరుపు, వేడి నీళ్లు, సజ్జ రొట్టె, వెల్లుల్లి చట్నీ, ఎడారి కాయలతో వండే కేర్ సాంగ్రీ కూర, వీటిలో దేనికీ వంక పెట్టలేను. వంక పెట్టవలసింది మొదటి రాత్రి పదకొండు దాకా పచ్చిక మీద మోగిన పాటల పెట్టెకు. చిరుతల కొండకు అరకిలోమీటరు దూరంలో ఆ మోత ఎందుకో, యజమానిని అడిగితే అతిథుల కోరిక అన్నారు. మేము కూడా అతిథులమే అని మా తమ్ముడు గుర్తు చేశాక శబ్దం తగ్గింది.

అసలు తప్పు మాత్రం మాదే. బస ఖరారు చేసుకునేటప్పుడు గది ఫొటోలు ఇరవై చూశాం, సఫారీ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. జవాయిలో పులుల అభయారణ్యమైన రణథంబోర్‌లో మాదిరిగా గేట్లు, జోన్లు, ముందుగా కేటాయించే సీట్లు ఉండవు. ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించిన కన్జర్వేషన్ రిజర్వు ఉన్నా, వాహనాలు ఎక్కువగా తిరిగేది పల్లెల పొలాల్లో, బీళ్లలో, ప్రైవేటు జీపుల వాళ్ల చేతిలో. కాబట్టి అక్కడ మనం డబ్బు ఇచ్చేది గదికి కాదు, కొండను ఎరిగిన మనిషికి. శుక్రవారం సాయంత్రం మాకు విడిది వారు ఇచ్చిన జిప్సీ జీపులో ముందే మరో ఇద్దరు ఉన్నారు. డ్రైవరు కుర్రవాడు, కొండ వైపు కంటే ఫోను వైపే ఎక్కువ చూశాడు. ఎక్కడో కనిపించిందని కబురు రాగానే గుంతలలో ఎగిరెగిరి పడుతూ వెళ్లేసరికి అక్కడ పదిహేను జీపులు తిరునాళ్లలో బండ్లలా ఒకదానికొకటి అడ్డంగా నిలిచి ఉన్నాయి. చాలా దూరాన, కొండ భుజం మీద, బైనాక్యులర్‌లో చూస్తే తప్ప రాయికీ దానికీ తేడా తెలియని ఒక ఆకారం. చూశామని చెప్పుకోవచ్చు, అంతే. చీకటి పడ్డాక కొండ మీదికి పెద్ద లైటు వేసి చూపిస్తానని, దానికి కొంత అదనంగా ఇమ్మని అతను అడిగాడు. వద్దన్నాం. రాత్రి వేటాడి బతికే జంతువు కళ్లలోకి, పైగా పిల్లల తల్లి కళ్లలోకి, వెలుగు కొట్టడం చూడటం కాదు, వేధించడం. ఇంకొన్ని చోట్ల మేకను కట్టి రప్పిస్తారన్న మాట కూడా విన్నాం. ఎవరైనా అలా ఆశ పెడితే వెంటనే దిగిపోవడం మేలు, ఎందుకంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎర చూపడాన్ని కూడా వేట నిర్వచనంలోనే చేర్చింది. కచ్చితంగా చూపిస్తామని హామీ ఇచ్చే వారిని నేను ఈ కారణం చేతనే నమ్మను.

శనివారం ఉదయం చిరుత కనిపించలేదు. ఆరున్నరకు బయలుదేరినప్పుడు తెరిచిన జీపులో చలి ఎముకలు కొరికింది. చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ తీసుకెళ్లనివారి ధ్యాస చిరుత మీద నిలవదు. మూడు కొండలు తిరిగి, ఒక నక్కను, బండ అంచున కదలకుండా కూర్చున్న పెద్ద గుడ్లగూబను చూసి, ఎనిమిదిన్నరకు జలాశయం గట్టు చేరాం. ఆ ఉదయం వృథా కాలేదనిపించింది అక్కడే. స్థానికులు కుర్జాలని పిలిచే వలస కొంగలు వందలకొద్దీ, తల మీద రెండు నల్ల చారలుండి హిమాలయాలు దాటి వచ్చే బాతులు, ఒడ్డున ఎండ కాచుకుంటున్న మొసళ్లు. చలికాలంలో వెళ్లేవారు నాలుగు సఫారీలలో ఒకదానిని ఈ నీటికి కేటాయించడం మంచిది.

మధ్యాహ్నం విడిది వారితో కాస్త గట్టిగానే మాట్లాడి, జీపు మొత్తం మాకే కావాలని, వయసులో పెద్దవాడైన డ్రైవరు కావాలని కోరాం. పూటకు జీపు అద్దె 4,000 రూపాయలు. నలుగురం పంచుకుంటే భారం కాలేదు. వచ్చినాయన పశుపాలకుల ఇంట్లో పుట్టి, ఆ కొండల కిందే మేకలు కాచి పెరిగినవాడు. ఆయన మమ్మల్ని ఎక్కడికీ తిప్పలేదు. నాలుగు గంటలకు ఒక కొండ ఎదుట, సూర్యుడు మా వీపున ఉండేటట్లు జీపును నిలిపి, ఇంజను ఆపి, ఇక మాట్లాడవద్దన్నాడు. ఫోను రెండుసార్లు మోగినా తీయలేదు. ఐదున్నరకు కొండముచ్చులు ఒక్కసారిగా ఖాండ్రించినట్లు అరిచాయి, లోయలో నెమళ్లు అందుకున్నాయి. ఆయన వేలు చూపిన గుహ నోట్లో నీడ తప్ప నాకేమీ కనిపించలేదు. ఆ నీడే లేచి నిలబడి ఒళ్లు విరుచుకుంది. వెనుక రెండు పిల్లలు, ఒకటి తల్లి తోకతో ఆడుతూ, ఇంకొకటి వాలు బండ మీద జారి మళ్లీ ఎక్కుతూ. నలభై నిమిషాలు, నూరు గజాల దూరం, మాతో పాటు ఇంకొక్క జీపు. ఆ జీపులో వారెవరో మాకు తెలియదు గానీ, వారు కూడా గొంతెత్తి మాట్లాడకపోవడం మా అదృష్టం. తల్లి దిగి తుమ్మ కంపల్లోకి వెళ్లిపోయాక పిల్లలు వాటంతట అవే గుహలోకి వెళ్లిపోయాయి. ఎవరూ పిలవలేదు, తరమలేదు. ఆడ చిరుత పిల్లలను దాచిన గుహకు మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, ఆ గుహ ఏదో తెలిసినవాడు పరుగులు పెట్టనవసరం లేదని తిరుగుదారిలో ఆయన చెప్పాడు.

ఆదివారం ఉదయం కూడా ఆయననే అడిగి తీసుకెళ్లాం. తూర్పు ఎండ తగిలిన బండ మీద ఒక మగ చిరుత గంటసేపు పడుకునే ఉంది. చలికాలపు ఉదయాలు మంచివనడానికి ఈ ఎండ కాచుకునే అలవాటే ఆధారం. వేసవిలో బండలు పెనంలా కాలుతాయి, వానాకాలంలో కొండలు పచ్చబడి చూపుకు అడ్డం వస్తాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా వెళ్లడం మేలు. కెమెరా విషయంలో ఒక్క మాట: ఫోనుతో చిరుత ఫొటో ఆశించవద్దు, పొడవైన లెన్సు లేకపోతే మంచి బైనాక్యులర్ ఒకటి చాలు. మా మరదలు ఫోను సంచిలో పెట్టేసి చూసింది, మా నలుగురిలో ఎక్కువ చూసింది ఆవిడే.

తిరుగు ప్రయాణంలో రాణక్‌పూర్ దారి పట్టాం. 15వ శతాబ్దపు ఆ జైన ఆలయంలో 1,444 స్తంభాలున్నాయంటారు. పర్యాటకులను మధ్యాహ్నం పన్నెండు తర్వాతే అనుమతిస్తారు కనుక ఉదయపు సఫారీ ముగించి, స్నానం, ఫలహారం కానిచ్చి బయలుదేరితే సరిగ్గా సమయానికి చేరతాం. తోలు బెల్టులు, పర్సులు కారులోనే వదిలి వెళ్లాలి. గంటన్నర అక్కడ గడిపాం, ఘాట్ రోడ్డు మీదుగా ఉదయపూర్ విమానాశ్రయం చేరడానికి ఇంకో మూడు గంటలు పట్టింది. కాబట్టి తిరుగు టికెట్టు రాత్రి ఏడు తర్వాతి విమానానికి తీసుకోవడం క్షేమం. మాది ఆరున్నరకు. ఆలయంలో ఉన్నంతసేపూ నా భార్య గడియారం చూస్తూనే ఉంది.